పెద్దసారు కట్టించిన రోమన్ గవిని

మా పెద్దసారు జర్మనీలో ఉన్నది ఇరవై ఒక్క రోజులు. ఆ ఇరవై ఒక్క రోజుల గురించి ఆయన మాకు పదకొండేళ్లు చెప్పాడు.

డెబ్భైల నడిమి సంవత్సరాల్లో నేను నంద్యాలలో ఒక క్రైస్తవ ఉన్నత పాఠశాలలో చరిత్ర చెప్పేదాన్ని. బడి పేరు చెప్పను. ఇప్పుడా బడి లేదు, ఆ స్థలంలో వేరే కట్టడాలు లేచాయి. పెద్దసారంటే మా హెడ్మాస్టరు. కరస్పాండెంటు కూడా ఆయనే. అందుకని ఉద్యోగం ఇచ్చేదీ ఆయనే, తీసేసేదీ ఆయనే, మధ్యలో మమ్మల్ని నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చేదీ ఆయనే.

జర్మనీలోని క్రైస్తవ సంఘాల వాళ్లు ఏదో శిక్షణకని పిలిస్తే పోయి, మూడు వస్తువులతో తిరిగి వచ్చాడు. ఒకటి మోకాళ్ల కిందికి దిగే ఉన్ని కోటు. నంద్యాల చలికి తెల్లవారుజామున ఒక దుప్పటి కప్పుకుంటే ఎక్కువ. ఆయన మాత్రం డిసెంబరు నెలంతా ఆ కోటు వేసుకుని ప్రార్థనకు వచ్చి, మెడ మీద చెమట తుడుచుకుంటూ నిలబడేవాడు. రెండోది స్లైడ్లు వేసే మిషను. మూడోది, చట్రం కట్టించిన ఒక పెద్ద రంగుల ఫొటో. దాన్ని తన గదిలో, కర్నూలు జిల్లా పటం తీసేసి ఆ మేకుకు తగిలించాడు.

ఫొటోలో ఉన్నది ఒక ఊరి వాకిలి. మా సీమలో ఊరి కోట గోడకు ఉండే వాకిలిని గవిని అంటారు. ట్రియర్ అనే ఊళ్లో రోమన్లు కట్టిన గవిని అది. రెండు తోరణాలు, వాటి మీద వరసలు వరసలుగా కిటికీలు, రెండు పక్కలా గుండ్రంగా ముందుకొచ్చిన బురుజులు. రాయంతా మసిబట్టినట్టు నల్లగా ఉంటుంది. పోర్టా నిగ్రా అంటారు, నల్ల వాకిలి అని అర్థం. అందమైన కట్టడమే. దాని మీద నాకు ఏ కోపమూ లేదు.

ఒక సాయంత్రం టీచర్లనూ పెద్ద తరగతుల పిల్లలనూ హాలులో కూర్చోబెట్టి, తెరగా దుప్పటి కట్టి, స్లైడ్లు వేశాడు. అరవై స్లైడ్లలో పద్నాలుగు ఆ వాకిలివే. పద్నాలుగింటిలోనూ పెద్దసారు ఉన్నాడు. ఒకదానిలో ఆయన టోపీ పూర్తిగా పడాలని వాకిలి పై అంతస్తును కత్తిరించేశారు.

"చూడండి," అన్నాడు దుప్పటి పక్కన నిలబడి. "దగ్గర దగ్గర రెండు వేల ఏళ్లు. వాళ్లు ఒక్క రాయి కదిలించలేదు. ఇప్పుడు దాన్ని ముట్టుకోవాలన్నా గవర్నమెంటు పర్మిషన్ కావాల. అదీ నాగరికత అంటే. అదే మన వాళ్లయితే ఏం చేస్తారు? దాని మీద పిడకలు కొడతారు."

హాలంతా నవ్వింది. ఇళ్లలో పిడకలు కొట్టి బడికి వచ్చిన పిల్లలు కూడా నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ మరుసటి ఏడు బడికి రజతోత్సవం వచ్చింది. ఏం చేద్దామని తల్లిదండ్రులను పిలిచి అడిగారు. ఆడపిల్లలకు మరుగుదొడ్డి కావాలని తల్లులు చెప్పారు. అప్పటికి బడి వెనక ఈతచాపలు కట్టిన ఒక మరుగు మాత్రమే ఉండేది, గాలి గట్టిగా వీస్తే అదీ ఉండేది కాదు. పెద్దసారు అందరి మాటా విని, చివరికి ఒకే మాట అన్నాడు: "మరుగుదొడ్డిని చూడ్డానికి ఎవరైనా వస్తారామ్మా?"

అట్లా బడి ముందర రోమన్ వాకిలి కట్టాలని తీర్మానమైంది.

చరిత్ర టీచరును కాబట్టి ఆ వాకిలి గురించి తెలుగులో చిన్న పుస్తకం రాసే పని నాకు పడింది. అక్కడ సందర్శకులకు అమ్మే ఇంగ్లీషు పుస్తకం ఒకటి నా చేతికిచ్చాడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని వారం రోజులు చదివాను. చదివేకొద్దీ ఆశ్చర్యంగా ఉండింది. ఆ ఊరికి అట్లాంటి వాకిళ్లు నాలుగుండేవట. మిగిలిన మూడింటినీ ఆ ఊరి జనమే పగలగొట్టి రాళ్లు ఇళ్లకు మోసుకుపోయారట. ఈ నాలుగోదాన్ని కూడా వదల్లేదు. రాయికీ రాయికీ మధ్య బిగించిన ఇనుప కడ్డీల కోసం గోడలంతా తవ్వారు. అయితే ఈలోగా ఒక సన్యాసి వచ్చి ఆ వాకిలిలో ఒక గదిలో తనను తాను మూసేసుకుని, ప్రార్థన చేసుకుంటూ అక్కడే చనిపోయాడు. ఆయన్ను పునీతుడన్నారు. వాకిలినే చర్చిగా మార్చారు. దేవుడి ఇల్లయింది కాబట్టి ఎవరూ రాయి పీకలేదు. ఎన్నో వందల ఏళ్ల తర్వాత ఒక ఫ్రెంచి చక్రవర్తి వచ్చి, చర్చిని తీసెయ్యండి, రోమన్ల వాకిలి చాలు అన్నాడట.

ఇదంతా రాసి తీసుకుపోయాను. పెద్దసారు ఎర్ర పెన్సిలు తీశాడు.

"ఈ మూడు వాకిళ్ల సంగతి ఎందుకమ్మా?"

"పుస్తకంలో ఉంది సార్."

"ఉంటే? మన పిల్లలకు ఏం నేర్పాలనుకుంటున్నావు, రాళ్లు పీక్కపోవడమా?"

మూడు వాకిళ్లూ ఇనుప కడ్డీలూ కొట్టేశాడు. "చర్చి తీసేసిన సంగతి కూడా వద్దులే," అని దాన్నీ కొట్టేశాడు. మిగిలినదాన్ని చదివితే, రోమన్లు కట్టారు, జర్మన్లు కాపాడారు, పెద్దసారు పోయి చూశాడు అన్నట్టుగా తేలింది. నేను సరే సార్ అన్నాను. నన్ను పర్మనెంటు చేసే కాగితం ఆయన బల్ల సొరుగులో ఏడాదిగా పడి ఉంది. నిజాన్ని వెనకేసుకొచ్చే స్తోమత నాకు లేదని అప్పట్లో సర్దిచెప్పుకున్నాను. స్తోమత అనే మాట చాలా సౌకర్యమైన మాట.

రాతి పనికి ఆళ్లగడ్డ శిల్పులైతే బాగుంటుందని ఎవరో చెప్పారు. ఆళ్లగడ్డ నా పుట్టిల్లు. మా నాయన అక్కడే మిషన్ బడిలో పనిచేసి రిటైరై, ఆ ఊళ్లోనే ఉండిపోయాడు. రోడ్డు వారగా శిల్పుల కొట్టాలు వరసగా ఉంటాయి. తెల్లవారితే ఉలి చప్పుడు మొదలవుతుంది, మాకది కాకుల అరుపు లాంటిదే, చెవికి ఆనదు. మా అవ్వ సమాధి రాయి చెక్కిన శిల్పి ఒకాయన ఉండేవాడు. యాభై ఏళ్లుంటాయి. పొద్దంతా దేవుళ్లను చెక్కే మనిషి, మా అవ్వకు సిలువ కూడా అంతే శ్రద్ధగా చెక్కి ఇచ్చాడు. ఆయన దగ్గరికే పోదామని నేనే చెప్పాను.

సంఘం జీపులో పోయాం. పెద్దసారు ఫొటోను చట్రంతో సహా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. శిల్పి చేతుల మీది రాతిపొడి కడుక్కుని, ఫొటో అందుకుని, కొట్టం లోపల చీకటిగా ఉందని బయట ఎండలోకి తీసుకుపోయాడు. పెద్దసారు వెనకాలే పోయి రోమన్ల గురించి మొదలుపెట్టాడు. శిల్పి వింటున్నట్టు లేడు. చాలాసేపు చూశాడు. వేలితో కిటికీలు లెక్కపెట్టాడు. తర్వాత తలెత్తి మామూలుగా అన్నాడు.

"ఈ పని నడిమద్దెలో వదిలేసినారు సార్."

"ఏంది?" అన్నాడు పెద్దసారు.

"ఇదో, ఈ స్తంభాలు సూడండి. యాడిది ఆడ మొరటుగా ఉండాది. రాయి నున్నగా చెక్కి పైకెక్కిస్తే అంచులు ఇరుగుతాయి. అందుకని మొరటు రాయే ఎక్కించుకుంటాం, ఎక్కించినాంక పైనుంచి చెక్కుకుంటా దిగుతాం. వీళ్లూ అట్లనే ఎక్కించుకున్యారు. చెక్కల్యా. ఏమొచ్చిందో ఏమో, పోయినారు."

పెద్దసారు మొహం బిగుసుకుంది. "ప్రపంచమంతా వచ్చి చూసి పోతాండాదయ్యా దాన్ని. వాళ్లెవరికీ కనపడంది నీకు కనపడిందా?"

"సూడనీండి సార్. కట్టుడు మంచిదే. సున్నం కూడా ఏసినట్టు ల్యా, రాతి మీద రాయి నిలబెట్టినారు, పనోళ్లే. ఈ బొక్కలు సూసినారా, ఈడంతా ఇనుము ఏసి బిగించినారు. ఎవురో తవ్వి తీసుకున్యారు." ఆయన మళ్లీ ఫొటో వైపు చూశాడు. "నేను సెప్పేది స్తంభాల పని గురించి. అది ముగియల్యా."

ఆ ఇనుము తవ్వుకుపోయిన సంగతిని, నేను పుస్తకంలో వారం రోజులు కిందా మీదా పడి తెలుసుకున్నదాన్ని, పెద్దసారు ఎర్ర పెన్సిలుతో కొట్టేసినదాన్ని, ఆ మనిషి ఎండలో నిలబడి ఫొటోలో చదివేశాడు.

"సరే, ఇట్లాంటిది చేసిస్తావా లేదా?" అన్నాడు పెద్దసారు.

"ముగించమంటే ముగించి ఇస్తా సార్. ముగీనట్ల చెయ్యమంటే నాకు రాదు. యాడ నిలపాలో నాకెట్ల తెలుస్తాది?"

తిరిగి వచ్చేటప్పుడు జీపులో పెద్దసారు ఫొటోను మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు. ఊరు దాటాక అన్నాడు. "అక్షరం ముక్క రానివాడికి రోమన్ ఇంజనీరింగు ఏం తెలుస్తుందమ్మా. బొమ్మలు చెక్కుకునేవాడు."

"అవును సార్," అన్నాను.

మరుసటి రోజు బడిలో తీరిక దొరకగానే ఇంగ్లీషు పుస్తకం మళ్లీ తెరిచాను. ఉంది. పదకొండో పేజీలోనే ఉంది. అన్‌డ్రెస్డ్ స్టోన్ అని ఉన్న చోట నేనే పెన్సిలుతో గీత గీసుకున్నాను. డిక్షనరీలో అన్‌డ్రెస్డ్ అంటే బట్టలు లేని అని ఉంటే, రాయికి బట్టలేమిటో అర్థంకాక వదిలేసి ముందుకుపోయాను. చెక్కని రాయి అని దాని అర్థం. కింద వాక్యంలో విడమరిచి చెప్పారు కూడా, ఈ వాకిలి పని ఎన్నడూ పూర్తికాలేదు అని. బి.ఎ., బి.ఇడి. చదివి, చరిత్ర పాఠాలు చెప్పే మనిషిని నేను. ఆ వాక్యాన్ని నా తెలుగు పుస్తకంలో చేర్చలేదు. పెద్దసారుకు చెప్పలేదు.

తర్వాత ఎప్పుడో సెలవులకు ఆళ్లగడ్డ పోయినప్పుడు ఆ శిల్పికి మాత్రం చెప్పాను. నువ్వు చెప్పింది నిజమేనన్నా, పుస్తకంలో కూడా అట్లే ఉంది అని. ఆయన చెక్కడం ఆపలేదు.

"పుస్తకంలో ల్యాకపోతే ఏం జేస్తాంటివమ్మా?" అన్నాడు.

ఆ ప్రశ్నలో కోపమేమీ లేదు. తెలుసుకోవాలని అడిగాడు.

శిల్పి కాదన్నాక పెద్దసారు నంద్యాలలోనే ఇళ్లు కట్టే ఒక మేస్త్రీని పిలిచాడు. కింద కొంత ఎత్తు రాయి, పైన ఇటుక, దాని మీద సిమెంటు అని లెక్క కుదిరింది. రాయి మాత్రం పాతదై ఉండాలి, నల్లగా ఉండాలి. గడివేముల వైపు ఒక ఊళ్లో పాత గవిని పగలగొడుతున్నారని ఎవరో వచ్చి చెప్పారు. పెద్దసారు మొహం వెలిగిపోయింది. "పాత రాయి, అచ్చం అక్కడి రంగే వస్తుంది," అన్నాడు. పంచాయతీ వాళ్లతో ధర మాట్లాడించాడు. మంచి రాళ్లు ఏరి గుర్తులు పెట్టి రమ్మని, సుద్దముక్కల డబ్బా ఇచ్చి నన్ను బస్సెక్కించాడు.

నేను పోయేసరికి పై తోరణం అప్పటికే దిగింది. రెండు వైపులా గోడలు నిలిచి ఉన్నాయి. ఆ గోడల మీద ఒక చేప, ఒక తామర పువ్వు, పెనవేసుకున్న రెండు పాములు, తొండం విరిగిన ఒక ఏనుగు ఉన్నాయి. పని చేయిస్తున్న పెద్ద రైతును, ఇది ఎవరు కట్టించింది అని అడిగాను.

"ఎవురికి తెలుసమ్మా. మా జేజినాయన పుట్టకముందు నుంచి ఉండాది."

"ఎందుకు తీసేస్తున్నారు?"

"గడ్డి బండి దూరదు. ఈ ఏడు మూడు బండ్లు ఇరుక్కున్యాయి. ఒకదాని ఇరుసు పోయె. తీసేసినాం."

ఆ జవాబు మొరటుదే కానీ అందులో దొంగతనం లేదు. గవిని ఆయన దారికి అడ్డం వచ్చింది, పగలగొట్టాడు. మేమేమో గవిని మీద ప్రేమతో పగలగొట్టిస్తున్నాం.

గవిని లోపల, ఒకప్పుడు కావలివాళ్లు కూర్చునే చిన్న అరలో ఒక ముసలామె బొరుగులు, వేయించిన శనగలు పెట్టుకుని అమ్ముతోంది. తలకాయ మీది కప్పు రాళ్లు ఇంకా తీయలేదు కాబట్టి ఆమె కూడా ఇంకా లేవలేదు. నేను సుద్దముక్కతో రాళ్ల మీద సున్నాలు చుడుతుంటే చూస్తూ కూర్చుంది.

"ఏం రాస్తాండావమ్మా రాళ్ల మీద?"

"గుర్తులు పెడతాండా అవ్వా. మా బడికి తీసకపోతారు."

"బడికి రాళ్లెందుకు?"

"గవిని కడతారంట."

"మల్ల దీన్నేల పగలగొడతాండారు?"

"అది వేరే, ఇది వేరే అవ్వా," అన్నాను.

నాకు ఆ సన్యాసి గుర్తొచ్చాడు. ఆయన ఒక వాకిట్లో కూర్చుని ప్రార్థన చేస్తే వాకిలే చర్చి అయింది. ఈమె ఒక వాకిట్లో కూర్చుని బొరుగులు అమ్మింది. ఎన్నేళ్లుగా కూర్చుంటున్నావు అని అడిగితే, పెనిమిటి పోయినప్పటి నుంచి అంది. గవిని పోతే ఏం చేస్తావు అని అడిగాను.

"ఏం జేస్తా. ఎండ తగుల్తాది. గొడుగు తెచ్చుకుంటా."

ముప్పై నాలుగు రాళ్లకు గుర్తులు పెట్టాను. చేప, తామర, పాములు, ఏనుగు అన్నిటికీ పెట్టాను. మంచివి ఏరడంలో నాకు మంచి కన్నుందని పెద్దసారు తర్వాత మెచ్చుకున్నాడు కూడా.

నాలుగు నెలల్లో కట్టడం లేచింది. కింద రాళ్లను మేస్త్రీ తనకు తోచినట్టు పేర్చాడు. చేప వెల్లకిలా పడింది. ఏనుగు గోడ లోపలి వైపుకు తిరిగి సిమెంటులో కలిసిపోయింది. ఆ రాళ్ల మీద ఇటుకతో రెండు తోరణాలు, పైన ఒక వరస కిటికీలు. బురుజులు కట్టేటప్పటికి ఇటుక చాలక అవి సగం గుండ్రంగా, సగం మూలగా వచ్చాయి. ఇటుకకూ రాయికీ రంగు కలవలేదు. కింద నలుపు, పైన బూడిద. పెద్దసారు రెండు రోజులు బాధపడి, చివరికి మొత్తానికి తారు పూయించాడు, రోడ్డుకు వేసే తారు. దూరం నుంచి చూస్తే బొగ్గుల బట్టీలా ఉండేది.

పైగా బడికి ప్రహరీ గోడ లేదు. రోమన్లు ఊరి చుట్టూ గోడ కట్టి, దానికి వాకిలి పెట్టారు. మేము గోడ లేకుండా వాకిలి పెట్టాం. పిల్లలు, టీచర్లు, ఊరి బర్రెలు అందరూ దాని పక్క నుంచి లోపలికి వచ్చేవాళ్లు.

ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం జరిగింది. తోరణాల కింద నుంచి పెద్దలు నడిచారు. నా పుస్తకాన్ని నేనే మైకులో చదివాను. చప్పట్లు కొట్టారు. మార్చిలో నా పర్మనెంటు కాగితం సొరుగులోంచి బయటికి వచ్చింది.

ఏప్రిల్లో నంద్యాల ఎండకు తారు కరిగింది. పరీక్షల రోజులు. పదో తరగతి ఆడపిల్లలు కొందరు నీడ ఉందని ఆ తోరణాల కింద గోడకానుకుని చదువుకున్నారు. లేచేటప్పటికి తెల్ల వోణీల వెనక అంతా నల్లగా అంటుకుంది. చిన్న పిల్లల చేతులకు, పుస్తకాలకు, ఒకమ్మాయి జడకు కూడా అంటుకుంది. మరుసటి రోజు తల్లులు వచ్చారు. వాళ్ల దగ్గరికి పెద్దసారు రాలేదు. నన్ను పంపాడు.

"ఏంది టీచరమ్మా ఇది," అంది ఒకామె వోణీని నా ముందు పరిచి. బజార్లో కూరగాయలు అమ్ముకునే మనిషి. "సోపుకు పోదు, సోడాకు పోదు. కిరసనాయిలు పోసి రుద్దితే గుడ్డే పోయె. రెండే ఉండాయి బిడ్డకు. బడికి రమ్మంటిరి, యూనిఫారం అంటిరి, ఆనెంక మీరే మసి పూస్తిరి."

"పెద్దసారుకు చెప్తాం," అన్నాను.

"సెప్పుకోండి. దొడ్డి కట్టమంటే దీన్ని కడితిరి."

పెద్దసారు దీనికి కూడా ఒక పరిష్కారం కనిపెట్టాడు. వాకిలి చుట్టూ తాడు కట్టించి, ముందర పలక మీద 'ముట్టరాదు' అని రాయించి పాతించాడు. ఆ పలక చూసుకుని ఆయన నిజంగా సంతోషపడ్డాడు. అక్కడ కూడా ఇట్లాంటి పలకే ఉందమ్మా అని నాతో అన్నాడు. ఆ తర్వాత ప్రతి ఎండాకాలమూ తాడు కట్టేవాళ్లు, వానలు పడ్డాక విప్పేవాళ్లు. ఏడాది పొడుగునా దానితో ఇబ్బంది లేనివి బర్రెలొక్కటే. వీపు దురద పుడితే తాడు దాటి పోయి రుద్దుకునేవి.

ఎనభైల మొదట్లో ఆ జర్మనీ ఊరి వైపు నుంచే ఒక పెద్దావిడ వచ్చింది. అక్కడ బడిలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. సంఘాలు చూసుకుంటూ తిరుగుతూ మా బడికి ఒక పూట వచ్చింది. పెద్దసారు మళ్లీ ఆ కోటు తీశాడు. పూలదండ వేసి, చెయ్యి చాపి మా వాకిలిని చూపించాడు. ఆమె తలెత్తి చూసింది. ఇంగ్లీషులో మర్యాదగా అడిగింది, ఇది దేనికోసం కట్టారు అని.

పెద్దసారు ఆ పద్నాలుగు స్లైడ్ల సంగతి నుంచి అంతా చెప్పాడు. ఆమె ఎక్కడా నవ్వలేదు, అది ఆమె మంచితనం. వింటూ వింటూ వంగి కింద రాళ్ల వైపు చూసింది. చేప దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది.

"ఇవి ఎక్కడివి?"

"ఒక ఊళ్లో పాత వాకిలి కూలిపోతే, మేం తెచ్చి కాపాడాం," అన్నాడు పెద్దసారు.

ఆమె నా వైపు తిరిగింది. చరిత్ర టీచరునని నన్ను అంతకుముందే పరిచయం చేశారు. "ఎప్పుడు కూలింది?" అని నన్నడిగింది.

"కూలలేదు," అన్నాను. "కూలగొట్టారు. ఈ రాళ్లను ఏరింది నేనే."

పెద్దసారు దగ్గాడు. ఆమె కెమెరా తీసి, దాన్ని తలకిందులుగా పట్టుకుని, వెల్లకిలా ఉన్న ఆ చేపను సరిగ్గా పడేట్టు ఒక ఫొటో తీసుకుంది. వాకిలికి ఫొటో తీసుకోలేదు. తర్వాత మరుగుదొడ్డి ఎక్కడుందని నన్ను అడిగింది. ఈతచాపల దగ్గరికి తీసుకుపోయాను.

దీన్ని నా ధైర్యం కింద జమ కట్టకండి. కాగితం నా చేతికి వచ్చి అప్పటికే కొన్నేళ్లయింది. పర్మనెంటు అయిన మనిషి నిజం చెప్పడానికి ఖర్చేమీ కాదు. పెద్దసారు నన్ను తీసెయ్యలేక, పై జూన్ నుంచి చరిత్ర తీసేసి ఆరో తరగతికి కుట్లూ అల్లికలూ ఇచ్చాడు. నాకు బొత్తాం కుట్టడం తప్ప ఏమీ రాదు. ఆ పిల్లలకు మూడేళ్లు బొత్తాలే నేర్పాను.

ఆయన రిటైరయ్యాక వచ్చిన కొత్త హెడ్మాస్టరు ప్రహరీ గోడ మొదలుపెట్టాడు. ఇసుక లారీ ఆ తోరణంలో దూరలేదు. ఇన్నాళ్లూ పక్క నుంచి పోయేది, గోడ లేచాక పక్క లేకుండా పోయింది. ఒక పొద్దున ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగించాడు. పదిన్నర గంటకు మొదటి పీరియడ్ బెల్లు కొట్టేసరికి ఇటుకలు కుప్పగా ఉన్నాయి. రాళ్లు కొన్ని మెట్ల కిందికి పోయాయి, కొన్ని ఎవరెవరి ఇళ్లకో బట్టలుతికే బండలుగా పోయాయి. చేప ఎటు పోయిందో నేను అడగలేదు.

ఆ తర్వాత ఏడాది పెళ్లికని గడివేముల వైపు పోతూ ఆ ఊళ్లో బస్సు దిగాను. గవిని నిలిచిన చోట నడుము ఎత్తు గోడముక్క ఒకటి మిగిలి ఉంది. దాని చుట్టూ ముళ్లకంచె, పక్కన ఇనుప పలక. ప్రాచీన కట్టడమని, పాడుచేస్తే శిక్ష పడుతుందని రాసి ఉంది. ప్రాచీనలో చీ పొట్టిగా పడింది. గవిని ఉన్నన్నాళ్లూ రాని పురావస్తు శాఖ వాళ్లు అంతా అయిపోయాక వచ్చి, మిగిలిన మొండానికి కంచె వేసి పోయారు. కంచె మీద ఎవరో చీర ఆరేశారు. బొరుగుల అవ్వ గురించి ఒకరిద్దరిని అడిగాను. "ఏ అవ్వ?" అన్నారు.

పెద్దసారును చివరిసారి నంద్యాల బస్టాండులో చూశాను. బాగా చిక్కిపోయాడు. కూతురి దగ్గరికి నందికొట్కూరు పోతున్నానని చెప్పాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ సంగతే ఎత్తాడు.

"విన్నాను. ఒక్క పూటలో కూలగొట్టారంట. ఎంత కష్టపడి కట్టినాం. మన వాళ్లకు పాత వాటి విలువ ఎప్పటికీ తెలీదమ్మా."

"గవిని రాళ్లు కూడా పోయినాయి సార్," అన్నాను.

"ఏ గవిని?"

నేను ఆ ఊరి పేరు చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని గుర్తు చేసుకోవడానికి నిజంగానే ప్రయత్నించాడు.

"ఆ ఊరికి నేనెప్పుడూ పోలేదే," అన్నాడు.

అది అబద్ధం కాదు. ఆయన పోలేదు. పోయింది నేను.

నందికొట్కూరు బస్సు వచ్చింది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. ఆయన ఎక్కి కూర్చున్నాక, కిందే వదిలేసిన సంచిని కిటికీలోంచి అందించాను.